అందరికీ మోగే గేటు: ఒక ఆసుపత్రి స్క్రీనింగ్ కేసు

ఈ కేసు హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిది. పేరు రాయకూడదని వాళ్లతో ఒప్పందం. నేను భద్రతా వ్యవస్థల కన్సల్టెంట్‌ని. మెటల్ డిటెక్టర్లు, బ్యాగ్ స్కానర్లు నేను అమ్మను. ఎవరో అమ్మి బిగించి వెళ్లాక అవి పనిచేస్తున్నాయో లేదో చూసి చెప్పడం నా పని. ఇక్కడ నన్ను పిలిచిన ఆపరేషన్స్ మేనేజర్ అడిగింది ఒక్కటే: "సార్, ఆ డోర్ మోత కాస్త తగ్గించి పెట్టండి. లైన్ రోడ్డెక్కుతోంది."

అసలు ఆ డోర్ ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీకర్ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ మీద జరిగిన హత్యాచార ఘోరం తర్వాత డాక్టర్ల భద్రత గురించి దేశమంతా మాట్లాడింది. సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. దాడి జరిగితే ఆరు గంటల్లోపు ఎఫ్ఐఆర్ పెట్టించే బాధ్యత సంస్థ అధిపతిదేనని కేంద్ర ఆరోగ్య శాఖ తన ఆసుపత్రులకు రాసింది. వైద్య సిబ్బందిపై దాడుల మీద మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. కానీ చట్టం పనిలోకి వచ్చేది దెబ్బ పడ్డాక. అదే కాలంలో ఈ ఆసుపత్రి ఐసీయూ ముందు ఒక పేషెంట్ చనిపోయిన రాత్రి గొడవైంది. డ్యూటీ డాక్టర్ కాలర్ పట్టుకున్నారు, అద్దాల తలుపు పగలగొట్టారు. ఆ తర్వాతి బోర్డు మీటింగ్‌లో విజిటర్స్ గేటు దగ్గర రెండు డోర్ ఫ్రేమ్ డిటెక్టర్లు (తలుపు చట్రంలా మధ్యలోంచి నడిచి వెళ్లే మెటల్ డిటెక్టర్లు) పెట్టాలని తీర్మానం చేశారు.

బిగించిన రోజు డెమో ఇచ్చారు. కంపెనీ టెక్నీషియన్ చొక్కా జేబులో సగం షేవింగ్ బ్లేడు పెట్టుకుని లోపలికి నడిచాడు. డోర్ మోగింది. ఎండీగారు మెచ్చుకున్నారు, బిల్లు మీద సంతకమైంది. సగం బ్లేడును కూడా వదలనంత పైకి పెట్టిన ఆ సెన్సిటివిటీని ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.

ఈ యంత్రం ఏం చేస్తుందో తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. రెండు పక్కల పలకల్లో రాగి తీగచుట్టలుంటాయి. ఒక చుట్ట సెకనుకు వందలసార్లు చిన్న అయస్కాంత పల్స్ వదులుతుంది. మధ్యలో లోహం ఉంటే ఆ పల్స్ వల్ల దానిలో సుడి కరెంట్లు పుట్టి వెంటనే చల్లారిపోతాయి. అవి చల్లారే తీరును రెండో చుట్ట పసిగడుతుంది. అది కత్తో, తాళాల గుత్తో యంత్రానికి తెలియదు. సిగ్నల్ ఎంత బలంగా ఉందో మాత్రమే తెలుసు. మనం గీసిన గీతను సిగ్నల్ దాటితే మోగుతుంది, ఎంత ఎత్తులో దాటిందో పక్కన ఎర్ర లైటు చూపిస్తుంది. అంతే.

చిక్కంతా సిగ్నల్ బలంలోనే ఉంది. అది వస్తువు ఎంత ప్రమాదకరమన్న దాన్ని బట్టి ఉండదు. లోహం ఎంత పెద్దది, ఏ ఆకారంలో ఉంది, డోర్‌కి ఏ వాటంలో తిరిగి ఉంది, కరెంటును ఎంత బాగా పారిస్తుంది అన్నవాటిని బట్టి ఉంటుంది. బంగారు గాజులు, ఇనుప కడియం, వెండి మొలతాడు లాంటి మూసిన వలయాల్లో కరెంటు చుట్టూ తిరగడానికి దారి దొరుకుతుంది కాబట్టి అవి గట్టిగా పలుకుతాయి. సన్నటి బ్లేడు బలహీనంగా పలుకుతుంది. బ్లేడును పట్టాలని గీతను అంత కిందికి దించితే, దానికి పైనున్న గాజులూ కడియాలూ అన్నీ మోగి తీరతాయి. గాజుల చేతిని వదిలి బ్లేడును మాత్రమే పట్టే గీత ఈ యంత్రంలో లేదు. ఏ కంపెనీ దాంట్లోనూ లేదు. డెమోలో ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఎందుకంటే డెమోలో గాజులేసుకున్న వాళ్లెవరూ నడవరు.

విజిటింగ్ అవర్స్ సాయంత్రం ఐదు నుంచి ఏడు. కొన్ని సాయంత్రాలు చేతిలో కౌంటర్ పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను. పదిమందిలో ఆరేడుగురికి డోర్ మోగుతోంది. నల్గొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, కరీంనగర్ వైపు నుంచి బస్సు దిగి నేరుగా వచ్చేవాళ్లే ఎక్కువ. చేతిలో నాలుగు గిన్నెల స్టీల్ క్యారియర్, బుట్టలో ఫ్లాస్కు, మెడలో గొలుసు, కాళ్లకు పట్టీలు, జేబులో రెండు ఫోన్లు. మోకీలు మార్పిడి చేయించుకుని రివ్యూకి వచ్చిన పెద్దవాళ్లకైతే ప్రతిసారీ మోకాలి ఎత్తున ఎర్ర లైటు వెలుగుతోంది. ఆ లోహం పెట్టింది ఇదే ఆసుపత్రి మూడో అంతస్తులో! ఒకావిడ గార్డుతో కొట్లాడింది కూడా: "మీ డాక్టరే పెట్టిండు కద బిడ్డా, మళ్ల నన్నే అడుగుతరు?"

కొంత మోత మనుషులది కాదు. బిగించిన చోటు మంచిది కాదు. పక్కనే ఇనుప రోలింగ్ షట్టర్ ఉంది. గాలికి అది కదిలినప్పుడు, వెనక నుంచి స్ట్రెచర్ వెళ్లినప్పుడు మధ్యలో ఎవరూ లేకుండానే డోర్ మోగేది. రెండు డోర్లను చేరువగా నిలబెట్టి ఒకదానితో ఒకటి సింక్ చేయలేదు. అందుకని ఒకదాని పల్స్ ఇంకోదానికి చప్పుడైంది. ఇవి తేలికగా సర్దుబాటయ్యే లోపాలు. నన్ను కలవరపెట్టింది వేరే.

మోగాక ఏం జరుగుతోందో చూశాను. గార్డు చేతిలో హ్యాండ్ డిటెక్టర్ ఉంది. మోగిన ప్రతి మనిషి ముందు దాన్ని భుజం నుంచి నడుము దాకా గాలిలో ఒక్క ఊపు ఊపి "పోండి, పోండి" అంటున్నాడు. ఎందుకలా అని అడిగితే కోపం లేకుండా చెప్పాడు: "అందరికీ మోగుతది సార్. ఎవరినని ఆపాలె?" ఆ ప్రశ్నకు ఆ ఆసుపత్రిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇచ్చిన శిక్షణ ఏంటంటే, మోగితే చెక్ చెయ్యి.

సెక్యూరిటీ హెడ్‌తో మాట్లాడి పరీక్ష పెట్టాం. అసలు కత్తి వాడకూడదు. వంటింటి కత్తంత బరువు, పొడవు ఉన్న మొద్దు ఉక్కు పట్టీని టెస్ట్ పీస్‌గా చేయించాం. గార్డులకు ముఖం తెలియని మనిషి దాన్ని నడుముకు కట్టుకుని, ఇది పరీక్షేనని రాసి సంతకం పెట్టిన లెటర్ జేబులో పెట్టుకుని, రద్దీ వేళ లైన్లో వెళ్లాడు. వెళ్లిన ప్రతిసారీ డోర్ మోగింది, లైటు సరిగ్గా నడుము ఎత్తున వెలిగింది. ఎక్కువసార్లు అతను లోపలికి వెళ్లిపోయాడు. యంత్రం పట్టింది, గేటు వదిలేసింది.

అందుకే మేనేజర్‌గారు అడిగిన పని అలాగే చేసి రాలేకపోయాను. మోత తగ్గించాలంటే ఒక నాబ్ తిప్పితే చాలు, కానీ రోగం ఆ నాబ్‌లో లేదు.

బోర్డుకి నేను చూపించిన లెక్క ఇది. ఊహకి అంకెలు తీసుకుందాం. సాయంత్రం రెండు గంటల్లో 3,000 మంది వస్తారు. వాళ్లలో నిజంగా ఆపాల్సిన వస్తువుతో ముగ్గురు వచ్చారనుకుందాం, అది కూడా చాలా ఎక్కువే. నూటికి అరవై మందికి మోగితే 1,800 అలారాలు. ఆ ముగ్గురూ అందులోనే ఉన్నా, ఒక్కో నిజమైన అలారానికి దాదాపు 600 మోతలు. ఒక మనిషిని సరిగ్గా చెక్ చేయడానికి అర నిమిషం పడుతుందనుకుంటే 54,000 సెకన్లు, అంటే 15 గంటల పని. అది రెండు గంటల్లో అవ్వాలంటే ఏడెనిమిది మంది గార్డులు ఊపిరి సలపకుండా చెక్ చేస్తూనే ఉండాలి. గేటు దగ్గరున్నది నలుగురు. అందులో ఇద్దరు పాస్‌లు చూస్తారు.

మరి ఆ చెయ్యలేని పని ఏమవుతుంది? ఎవరినీ అడగకుండా గార్డు దాన్ని కుదించుకుంటాడు. యంత్రానికి గీత కంపెనీవాడు గీశాడు. గార్డు తన గీత తానే గీసుకున్నాడు: మొహం చూసి, బట్టలు చూసి, కసురుకుంటాడో లేదో చూసి. మోటుగా కనబడే పల్లెటూరి కుర్రాణ్ని ఆపుతున్నాడు, ఇస్త్రీ చొక్కావాణ్ని వదిలేస్తున్నాడు. సెన్సిటివిటీ పెంచిన కొద్దీ నిర్ణయం యంత్రం చేతిలోంచి జారి ఈ పక్షపాతం చేతిలోకి పోయింది. సగం బ్లేడు కూడా తప్పించుకోకూడదని పెట్టిన సెట్టింగే వంటింటి కత్తంత ఉక్కు ముక్కను లోపలికి పంపింది.

ఇది గార్డుల బద్ధకం అనేవాళ్లకి ఒక ప్రయోగం గుర్తుచేస్తాను. చూపు మీద పరిశోధనలు చేసే జెరెమీ వోల్ఫ్, ఆయన సహచరులు 2005లో నేచర్ పత్రికలో రాశారు. వస్తువులు గజిబిజిగా ఉన్న బొమ్మల్లో ఒక పనిముట్టును వెతకమని మనుషులకిచ్చారు. సగం బొమ్మల్లో అది ఉన్నప్పుడు వాళ్లు నూటికి 7 సార్లు చూడక వదిలేశారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు ఉన్నవాటిలో 30 శాతం వదిలేశారు. అరుదుగా దొరికేదాన్ని వెతకమంటే "లేదు" అనడం కంటికి అలవాటైపోతుంది. ఎయిర్‌పోర్టుల్లో ఎక్స్‌రే స్క్రీన్ మీద మధ్యమధ్యలో ఉత్తుత్తి తుపాకీ బొమ్మలు వేసి ఆపరేటర్‌కు చూపించడం ఈ జబ్బుకి మందే. పది మందిలో ఏడుగురికి ఊరకే మోగే గేటు దగ్గర ఆ మందు కూడా లేదు.

కమిటీ మీటింగ్ బాగా వేడిగా నడిచింది. సెక్యూరిటీ హెడ్ మాజీ సైనికుడు. ఆయన మాట స్పష్టం: "తగ్గించిన మర్నాడు ఎవడో ఒకడు కత్తితో వస్తే పేపర్లో నా ఫొటో పడుతుంది. లైన్ పొడుగైందని ఎవరి ఫొటో పడదు." దీనికి నవ్వినవాళ్లున్నారు గానీ, నేను విన్నవాటిలో అంత నిజాయితీ ఉన్న వాదన ఇంకోటి లేదు. మిస్ అయినదానికి ఒక పేరు, తేదీ, బాధ్యుడు ఉంటారు. తప్పుడు అలారం ఖర్చు అందరి మీదా కొంచెం కొంచెంగా పడి ఎవరి లెక్కలోకీ రాదు. అందుకే లోకంలో ఏ స్క్రీనింగ్ అయినా ఒక్కో ఘటన తర్వాత ఒక్కో మెట్టు పైకెక్కుతుంది గానీ తనంతట తాను దిగదు. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో రహస్య పరీక్షకులు 70 ప్రయత్నాల్లో 67 సార్లు నిషిద్ధ వస్తువులు దాటించారని 2015లో వార్తలు బయటికొచ్చాయి. మరుసటి ఏడాది వసంతకాలంలో అక్కడి క్యూలు గంటల కొద్దీ సాగాయి. సిబ్బంది కొరత కూడా తోడైందనుకోండి.

నర్సింగ్ ఇన్‌చార్జ్ మేడం వాదన వేరే దారిలో వెళ్లింది. "నా సర్వీసులో కత్తి తెచ్చిన అటెండెంట్‌ని చూడలేదండీ. సెలైన్ స్టాండ్ పీకి కొట్టినవాణ్ని చూశాను. కుర్చీ ఎత్తినవాణ్ని చూశాను. తాగొచ్చి పడినవాళ్లయితే లెక్కలేదు." ఆసుపత్రిలో ఆయుధం ఆసుపత్రిలోనే దొరుకుతుంది. తాగినవాణ్ని మెటల్ డిటెక్టర్ పట్టదు. ఐసీయూ ముందు కాలర్ పట్టుకున్నవాళ్ల దగ్గర ఆయుధమనదగ్గ లోహపు ముక్క ఒక్కటీ లేదు. ఆ రాత్రి ఈ డోర్ ఉండి ఉన్నా వాళ్లని లోపలికి పంపేది.

ఆవిడే ఇంకో సంగతి బయటపెట్టారు, నన్నడిగితే మొత్తం కేసులో అదే ముఖ్యం. బయటి బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం తెచ్చే అటెండెంట్లు థర్మకోల్ డబ్బా పట్టుకుని ఇదే లైన్లో నిలబడుతున్నారు. రాత్రిపూట మందుల కోసం బయటికి ఉరికినవాళ్లూ ఇదే గేటు నుంచి లోపలికి రావాలి. ఆపరేషన్ థియేటర్ నుంచి గేటుకి ఫోన్ చేసి "పలానా పేషెంట్ తాలూకు, పంపించండి" అని చెప్పిన సందర్భాలున్నాయి. తప్పుడు అలారం అంటే జనానికి చిరాకు, భద్రతకి లాభం అన్న త్రాసు మనసులో పెట్టుకుని వచ్చారందరూ. ఆసుపత్రిలో చిరాకు పడుతున్న మనిషి చేతిలో ఒకరి ప్రాణం ఉండొచ్చు. అప్పుడు రెండు పళ్లేల్లోనూ ఉన్నది భద్రతే.

లైన్ గురించి కూడా ఒక మాట చెప్పాను. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో బాంబులు పెట్టినవాళ్లు వెతుక్కున్నది జనం గుమిగూడే చోటు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లోనూ అంతే. ఆ ఏడాదే వచ్చిన ప్రజా భద్రత చట్టం, ఒకేసారి వందమంది గానీ రోజుకి అయిదొందల మంది గానీ వచ్చే సంస్థలకి ప్రవేశం దగ్గర తనిఖీ, సీసీ కెమెరాలు తప్పనిసరి చేసింది. మంచిదే. కానీ తనిఖీ కోసం ఫుట్‌పాత్ మీద రెండొందల మందిని ఆపితే, గేటు బయట మనమే ఒక కొత్త గుంపును తయారు చేసినట్టు. ఆ గుంపుకి డిటెక్టర్ కాపలా ఉండదు.

చివరికి ఒక పేజీ కాగితం మీదకి తేల్చాం. ఎడమ వైపు: ఈ గేటు ఏం పట్టుకోవాలి. కుడి వైపు: ఏం వదిలేస్తుందని మనకి తెలుసు. ఎడమ వైపు వంటింటి కత్తి నుంచి పైకి, నాటు తుపాకీ దాకా. కుడి వైపు బ్లేడు, చిన్న మడత కత్తి, గాజుముక్క, యాసిడ్ సీసా, ఖాళీ చేతులు. ఎడమ వైపుకి అందరూ తలూపారు. కుడి వైపు దగ్గర లీగల్ అడ్వైజర్ ఆపేశారు: "వదిలేస్తున్నామని రాసి సంతకం పెడితే రేపు కోర్టులో ఇదే మన మీద సాక్ష్యమవుతుంది." ఆయన భయం ఉత్తది కాదు. అయితే రాయకపోయినంత మాత్రాన వదలడం ఆగదు. ఇప్పటిదాకా గార్డు రాతకోతలు లేకుండా వదిలేస్తూనే ఉన్నాడు. కాగితం ఉంటే కనీసం ఎందుకు, ఎవరు, దేనికి బదులుగా నిర్ణయించారో ఉంటుంది. చాలాసేపటికి ఎండీగారు సంతకం చేశారు, పక్కన తేదీ వేసి, "ఆరు నెలలకు సమీక్ష" అని చేత్తో రాసి.

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. డోర్లను షట్టర్‌కి దూరంగా జరిపి సింక్ చేశాం. టెస్ట్ పీస్‌ను నడుము, చంక, చీలమండ దగ్గర పెట్టి, నిలువుగా అడ్డంగా తిప్పి, ప్రతిచోటా ఇంకా మోగుతున్నంత వరకే గీతను పైకి జరిపి అక్కడ ఆపాం. ముందు ఒక బల్ల వేసి ఫోన్లు, తాళాలు, క్యారియర్లు ట్రేలో పెట్టించాం. క్యారియర్ మూత తీసి చూస్తారు, అన్నంలో గరిటె పెట్టరు. ఎమర్జెన్సీ ద్వారానికి డిటెక్టర్ లేదు, పెట్టకూడదని కాగితంలోనే రాశాం. రక్తం, మందులు తెచ్చేవాళ్లకి వార్డు నుంచి రంగు స్లిప్పు. స్లిప్పు ఉన్నవాళ్లు పక్క దారిన వెళ్తారు, అప్పుడప్పుడు వాళ్లలో ఒకరిని ఆపి చూస్తారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మామూలు నడకతో డోర్ దాటవచ్చు గానీ అక్కడ నిలబడకూడదు, హ్యాండ్ డిటెక్టర్‌ను ఛాతీ మీద ఆనించి ఉంచకూడదు. వాళ్లని చేత్తో తడిమి పంపుతారు. ఆడవాళ్లకి తెర వెనక లేడీ గార్డు. మంగళసూత్రం, మెట్టెలు తీయమని అనకూడదు. మోగిన ఎత్తున కళ్లతో చూస్తే తెలిసిపోయేదానికి తీయించడం దేనికి?

గార్డులకి శిక్షణ ఒక్కటే విషయం మీద: లైటు ఎక్కడ వెలిగిందో అక్కడ వెతకండి, కారణం దొరికేదాకా వదలకండి. బెల్టు దొరికితే అది తీసి మళ్లీ నడిపించండి. ఇప్పుడు పదిమందిలో ఇద్దరికే మోగుతోంది కాబట్టి దానికి టైముంది. ఐసీయూ గొడవలకి గేటుతో సంబంధం లేని ఏర్పాటు చేశాం: పేషెంట్‌కి ఇద్దరే అటెండెంట్లు, చావు కబురు కారిడార్లో కాకుండా గదిలో కూర్చోబెట్టి సీనియర్ డాక్టర్ చెప్పడం, ఆ గది బయట ఇద్దరు గార్డులు. ఖర్చు డోర్ కంటే తక్కువ. నా అభిప్రాయంలో పని మాత్రం డోర్ కంటే ఎక్కువ చేస్తోంది.

మేనేజ్‌మెంట్‌కి పంపే వారం రిపోర్టులో రెండు అంకెలు పక్కపక్కన ఉండి తీరాలని పట్టుబట్టాను: నూటికి ఎన్ని మోతలు, పెట్టిన పరీక్షల్లో ఎన్ని పట్టారు. మొదటిది ఒక్కటే పంపితే ఎవరైనా డోర్ స్విచ్ ఆపేసి శభాష్ అనిపించుకోవచ్చు. రెండోది ఒక్కటే పంపితే మళ్లీ సగం బ్లేడు సెట్టింగ్‌కి చేరతాం. టెస్ట్ పీస్ పట్టిన గార్డుకి ఆ నెల జీతంతో పాటు చిన్న బహుమతి ఇస్తున్నారు. ఇప్పుడు టెస్ట్ పీస్ చాలా వరకు పట్టుబడుతోంది, మొత్తం కాదు. షిఫ్ట్ మారే వేళ ఇంకా జారిపోతోంది.

ఇంతలో ఒక వార్డులో మంచం పక్క సొరుగులో పండ్లు కోసే చిన్న కత్తి దొరికింది. ఏడెనిమిది వారాల మీద జరిగిన పనంతా ఒక్క పూటలో తిరగబడేలా కనిపించింది. "చూశారా, దాటిపోయింది, మళ్లీ పెంచండి" అన్న మెయిల్ నాకు మధ్యాహ్నానికి వచ్చింది. తెచ్చింది రోగి చెల్లెలు, ఆపిల్ కోయడానికి. కాగితం కుడి వైపు ఆ సైజు కత్తి ఉంది కాబట్టి మీటింగ్ పది నిమిషాల్లో తేలింది: సెట్టింగ్ కదల్చలేదు, ప్రతి అంతస్తు ప్యాంట్రీలో పండ్లు కోసిచ్చే ఏర్పాటు చేశారు. ఇంటి నుంచి కత్తి తేవాల్సిన అవసరమే పోయింది.

ఇప్పుడు కొత్త ప్రతిపాదన వచ్చింది. గేటు దగ్గర కెమెరా పెట్టి, మునుపు గొడవ చేసినవాళ్ల ముఖాలు గుర్తుపట్టి హెచ్చరించే సాఫ్ట్‌వేర్. అమ్మకానికొచ్చినాయన "99 శాతం కచ్చితత్వం" అని స్లైడ్ వేశాడు. ఏ 99 అని అడిగాను: జాబితాలో ఉన్నవాణ్ని నూటికి 99 సార్లు పడుతుందా, లేనివాణ్ని 99 సార్లు వదిలేస్తుందా? రెండోదే నిజమనుకున్నా 3,000 మందిలో సాయంత్రానికి 30 మంది అమాయకులు గొడవ మనుషులుగా ఆగిపోతారు. వాళ్లలో కొందరి తమ్ముడో తండ్రో ఐసీయూలో ఉండొచ్చు. కెమెరా ఆపితే గార్డు వాళ్లతో ఏమని చెప్పాలి, జాబితాలోంచి పేరు ఎవరు తీస్తారు, ఎన్నాళ్లకి తీస్తారు అని మూడు ప్రశ్నలు రాసిచ్చాను. ఆయన కంపెనీతో మాట్లాడి చెబుతానన్నాడు. జవాబు వచ్చేదాకా డెమో వద్దని కమిటీ పక్కన పెట్టింది.